థండర్ గొప్పా, 96 బుల్స్ గొప్పా అనే ముందు ఏ రూల్ బుక్కో చెప్పండి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ గురించి మీరు అడిగింది రెండు ముక్కల్లో ఇది. 2024-25 ఓక్లహోమా సిటీ థండర్ ఏడు మ్యాచుల సిరీస్‌లో 1995-96 షికాగో బుల్స్‌ని ఓడిస్తుందా? థండర్ స్టార్ షాయ్ గిల్జియస్-అలెగ్జాండర్, డెన్వర్ స్టార్ నికోలా యోకిచ్ లాంటి ఇప్పటివాళ్లని బుల్స్ మైకేల్ జోర్డన్, 60ల నాటి విల్ట్ చాంబర్లిన్ సరసన కూర్చోబెట్టొచ్చా, లేక మా తరం వాళ్లం పాతవాళ్లని ఊరికే మోస్తున్నామా?

నా జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా తిట్టుకోవచ్చు. 1996 రూల్స్‌తో ఆడితే బుల్స్, ఆరు మ్యాచుల్లో. ఇప్పటి రూల్స్‌తో ఆడితే థండర్, అదే ఆరింట్లో. ఇదేదో గోడ మీద పిల్లి వాటం అనుకోకండి. ఏ రూల్స్‌తో ఆడిస్తారో చెప్పకుండా ఎవరు గెలుస్తారని అడిగితే అది సగం ప్రశ్నే అంటున్నాను, అంతే.

నేను యూనివర్సిటీ దాకా ఆడాను. ఇరవై ఏళ్లకు పైగా స్కూలు పిల్లలకి కోచింగ్ ఇస్తున్నాను. రూల్ మారితే ఆటగాడు ఎలా మారిపోతాడో నాకు టీవీ చూస్తే తెలియలేదు, మా సిమెంటు కోర్టు మీద తెలిసింది. 2010లో ప్రపంచ బాస్కెట్‌బాల్ సంస్థ ఫిబా త్రీ పాయింట్ గీతని (దీని వెనక నుంచి వేస్తే మూడు పాయింట్లు) 6.25 మీటర్ల నుంచి 6.75కి జరిపింది. రింగు ముందు ట్రెపీజియంలా ఉండే ఏరియాని దీర్ఘచతురస్రం చేసింది. మన దగ్గర ఆడేది ఫిబా రూల్సే కదా, మేమూ తాడు, పెయింటు డబ్బా పట్టుకుని కొత్త గీత గీసుకున్నాం. పాత గీత పూర్తిగా చెరగలేదు, లీలగా ఇప్పటికీ కనిపిస్తుంది. గీత జరిగింది అర మీటరు, అంటే మూరెడు పైచిలుకు. పాత గీత దగ్గర పదికి అయిదు వేసే కుర్రాడు కొత్త గీత వెనక నిలబడేసరికి బంతి రింగు ముందంచుకి తగిలి రాలిపోవడం మొదలైంది. కుర్రాడు వాడే, చెయ్యి అదే. దూరం కోసం బలం ఎక్కువ పెట్టబోతే మోచెయ్యి పక్కకి పోయేది. అది సరిచేసేసరికి ఒక సీజన్ గడిచింది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, సరిగ్గా ఇలాంటి మూరెడే బుల్స్ కథలో కూడా ఉంది. ఎన్‌బీఏ గీత ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లో 22 అడుగులు. స్కోర్లు పడిపోతున్నాయని 1994-95 నుంచి 1996-97 దాకా మూడు సీజన్లు చుట్టూతా 22 అడుగులకే కుదించారు. 72 మ్యాచులు గెలిచిన బుల్స్ సీజన్ ఆ మూడింటి మధ్యలోది. ఆ ఏడాది జోర్డన్ త్రీలు 42.7 శాతం పడ్డాయి. గీత వెనక్కి పోయిన 1997-98లో అదే జోర్డన్‌వి 23.8 శాతం. వయసు, అలసట లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా గీత చెప్పే మాటే. ఇది జోర్డన్‌ని తగ్గించడం కాదు, ఆయన బతికింది త్రీల మీద కానే కాదు. కానీ "జోర్డన్ ఈ కాలంలో అయితే రోజుకి పది త్రీలు వేసేవాడు" అని వాదించేవాళ్లు ఆ 23.8ని ఒకసారి చూసుకోవాలి.

అసలు పెద్ద మార్పు గీతది కాదు. అది 2001-02లో వచ్చింది. అంతకు ముందు ఎన్‌బీఏలో జోన్ డిఫెన్స్, అంటే మనిషిని కాకుండా జాగాని కాయడం, నిషేధం. బంతి లేనివాడిని కాచే మనిషి తన వాణ్ణి వదిలేసి మధ్యలో ఖాళీ జాగాలో నిలబడకూడదు. వస్తే పూర్తిగా వచ్చి బంతి ఉన్నవాడి మీద పడాలి, లేదంటే తన మనిషి దగ్గరే ఉండాలి. సగం దారిలో తచ్చాడితే మొదటిసారి హెచ్చరిక, ఆ తర్వాత టెక్నికల్ ఫ్రీ త్రో, అంటే ఎదుటివాళ్లకి ఎవరూ అడ్డుపడని ఒక షాట్. అందుకే 90ల మ్యాచుల్లో ఒక దృశ్యం పదే పదే కనిపిస్తుంది. జోర్డన్ ఒక పక్క రింగుకి వీపు పెట్టి బంతి అందుకుంటాడు. మిగతా నలుగురూ అవతలి పక్కకి తప్పుకుంటారు. వాళ్లతో పాటు వాళ్లని కాసేవాళ్లూ తప్పుకోవాల్సిందే. ఇక మిగిలేది జోర్డన్, ఆయన ఎదురుగా ఒక్క అభాగ్యుడు, బోలెడు ఖాళీ.

దీని పక్కన 2025 మేలో థండర్, డెన్వర్ ఆడిన రెండో రౌండ్ ఏడో మ్యాచ్ పెట్టి చూడండి. యోకిచ్ 2.11 మీటర్ల మనిషి. ఆయన్ని కాయడానికి థండర్ కోచ్ మార్క్ డైగ్నాల్ట్ పంపింది అలెక్స్ కరూసోని. కరూసో గార్డు, అంటే రింగుకి దూరంగా ఆడేవాడు, 1.96 మీటర్లు, బరువులోనూ నలభై కిలోలకి అటూ ఇటూ తక్కువ. మామూలుగా ఆలోచిస్తే ఏనుగు ముందు మేకని కట్టేసినట్టు. కానీ కరూసో వెనక నిలబడలేదు. యోకిచ్‌కీ బంతికీ మధ్య దూరాడు, నడుముతో తోస్తూ, చేతులు పైకెత్తి. పైనుంచి బంతి వేద్దామంటే వెనకాల రింగు కింద ఇంకో పొడుగు మనిషి కాచుకుని ఉన్నాడు. బంతే అందకపోతే ప్రపంచంలోకెల్లా గొప్ప పాసర్ అయి ఏం లాభం? యోకిచ్ ఆ రోజు వేసిన షాట్లు తొమ్మిదే, వచ్చినవి 20 పాయింట్లు. థండర్ 125-93తో గెలిచింది. ఆ వెనక కాచుకున్న రెండో మనిషి ఉన్నాడు చూశారూ, 1996లో అయితే వాడి మీద రెఫరీ విజిల్ ఊదేవాడు. బంతి లేనివాణ్ణి ఇద్దరు కాయడం అప్పుడు కుదరదు.

కాబట్టి థండర్ డిఫెన్స్‌ని 1996కి తీసుకుపోతే సగం పళ్లు పీకేసినట్టే. అలాగని మిగిలిన సగం తక్కువదేం కాదు. ఇక్కడ ఒక తమాషా ఉంది. 1996 ఫైనల్స్‌లో బుల్స్ ఓడించింది సియాటిల్ సూపర్‌సోనిక్స్‌ని. 2008లో ఊరు మారి ఓక్లహోమా సిటీ థండర్ అయింది ఆ ఫ్రాంచైజీయే. ఆ సిరీస్‌లో బుల్స్ 3-0తో ముందుంది. నాలుగో మ్యాచ్ నుంచి సోనిక్స్ గార్డు గ్యారీ పేటన్ జోర్డన్‌ని అంటిపెట్టుకుని కాశాడు. సోనిక్స్ వరసగా రెండు గెలిచింది. ఆరో మ్యాచ్ బుల్స్ గెలిచి కప్పు ఎత్తింది కానీ ఆ రోజు జోర్డన్ 19 షాట్లలో 5 మాత్రమే వేశాడు. అంటే ఆనాటి రూల్స్‌లోనే, మొండిగా కాసే ఒక్క గార్డు జోర్డన్‌కి చెమటలు పట్టించాడు. థండర్ దగ్గర అలాంటి వాళ్లు లూ డార్ట్, కరూసో, కేసన్ వాలెస్, జేలెన్ విలియమ్స్ అని నలుగురున్నారు. వెనక హోల్మ్‌గ్రెన్ 2.16 మీటర్లు. ఇప్పటి రూల్స్‌తో వీళ్లకి జోన్ కూడా ఇచ్చేస్తే, దూరం నుంచి పెద్దగా వేయని బుల్స్ రాడ్‌మన్‌ని బయట వదిలేసి పెయింట్‌లో, అంటే రింగు ముందు జాగాలో, మనిషిని పెట్టేస్తారు. బుల్స్‌కి ఊపిరాడదు.

మరి తిరగేసి చూడండి. షాయ్‌ని 1996కి పంపితే? అప్పుడు డ్రిబుల్ చేసేవాడి నడుం మీద చెయ్యేసి వాడి దారి మళ్లించడం మామూలు విషయం. 1994 నుంచే కొంత కట్టడి చేశారు, కానీ గట్టిగా విజిల్ ఊదడం 2004-05 నుంచే. షాయ్ ఆటంతా ఆగడంలో ఉంది. వేగంగా దూసుకొస్తూ ఉన్నట్టుండి బ్రేకు వేస్తాడు, కాసేవాడు రెండడుగులు ముందుకి జారిపోతాడు, అప్పుడు పదిహేనడుగుల దగ్గర తాపీగా షాట్. బుల్స్ ఆటగాడు స్కాటీ పిప్పెన్ చెయ్యి నడుం మీద ఉంటే ఆ బ్రేకు అంత సాఫీగా పడదు. పిప్పెన్, జోర్డన్, రాన్ హార్పర్, ముగ్గురూ పొడుగు చేతులవాళ్లే. ఒకరి మనిషిని ఇంకొకరు మార్చుకుని కాయడంలో ఈ కాలానికి కూడా సరిపోతారు. అందుకే అప్పటి రూల్స్‌తో అయితే నా ఓటు బుల్స్‌కే.

"షాయ్‌వన్నీ ఫ్రీ త్రోలే, రెఫరీలు పెట్టిన భిక్ష" అని మీ ప్రశ్న కింద ఒకాయన రాశారు. 2024-25లో షాయ్ మ్యాచ్‌కి వేసిన ఫ్రీ త్రోలు 8.8. జోర్డన్ మొత్తం కెరీర్ సగటు 8.2. మ్యాచ్‌కి 37.1 పాయింట్లు కొట్టిన 1986-87లో జోర్డన్ సగటు దాదాపు 12. రింగు మీదకి పదే పదే వెళ్లేవాడికి ఫౌళ్లు వస్తాయి, అప్పుడూ ఇప్పుడూ అంతే. చెయ్యి పైకి విసిరి అరిచే నాటకం నాకూ నచ్చదనుకోండి, అది వేరే సంగతి.

జట్లని కాలంతో సంబంధం లేకుండా పోల్చాలంటే నేను చూసేది ఒకటే: తన సీజన్‌లో తనతో ఆడినవాళ్లని సగటున ఎన్ని పాయింట్ల తేడాతో ఓడించింది? థండర్ 68-14 (68 గెలుపులు, 14 ఓటములు), సగటు తేడా 12.9. ఎన్‌బీఏ చరిత్రలో అప్పటిదాకా ఏ జట్టుకీ అంత లేదు. వెస్ట్, చాంబర్లిన్ ఆడిన 1971-72 లేకర్స్‌ది 12.3, 72 గెలిచిన బుల్స్‌ది 12.2. 73 గెలిచిన 2015-16 వారియర్స్‌ది 10.8 మాత్రమే. డ్యురాంట్ వచ్చాక మరుసటి ఏడు 67 గెలిచిన వారియర్స్‌ది 11.6, ప్లేఆఫ్స్‌లో (సీజన్ అయ్యాక కప్పు కోసం ఆడే సిరీస్‌లలో) 16-1. ఎక్కువ మ్యాచులు గెలిచిందే ఎక్కువ గొప్ప జట్టు అనుకునేవాళ్లకి ఈ వరస కాస్త చేదుగా ఉంటుంది.

అయితే ఈ అంకెకీ ఎదురుగా ఎవరున్నారన్న సంగతి ఉంటుంది. బుల్స్ ఏడాదే టొరంటో, వాంకూవర్ కొత్తగా లీగ్‌లోకి వచ్చాయి. వాంకూవర్ 15 మ్యాచులే గెలిచింది. టొరంటో మాత్రం బుల్స్‌ని ఒక పాయింటుతో ఓడించి కూర్చుంది, ఆ పది ఓటముల్లో అదొకటి! థండర్ కూడా లీగ్‌లో అవతలి సగమైన తూర్పు జట్ల మీద 29-1 అని చెలరేగి, చివరికి అదే తూర్పు నుంచి వచ్చిన ఇండియానాతో ఫైనల్స్ ఏడో మ్యాచ్ దాకా లాగించుకుంది. ఆ ఏడో మ్యాచ్ మొదట్లోనే ఇండియానా స్టార్ హాలిబర్టన్‌కి మడమ వెనకుండే అకిలీస్ తెగకపోతే ఏమయ్యేదో అని నేనిప్పటికీ అనుకుంటుంటాను. బుల్స్ ప్లేఆఫ్స్ 15-3. ఆ లెక్కన ఒత్తిడిలో బుల్స్‌దే పైచెయ్యి.

ఏళ్ల తరబడి ఏలడం మాత్రం ఇంకో కథ. బిల్ రస్సెల్ ఆడిన బాస్టన్ సెల్టిక్స్ 13 సీజన్లలో 11 టైటిల్స్ గెలిచింది, అందులో వరసగా 8. లీగ్‌లో చాలా ఏళ్లు ఎనిమిది తొమ్మిది జట్లే కదా, రెండు సిరీస్‌లు గెలిస్తే కప్పే కదా అంటారు. నిజమే. కానీ జట్లు తక్కువైతే ప్రతి జట్టూ బలంగా ఉంటుంది, రస్సెల్ మొత్తం మీద 140 సార్లకి పైనే చాంబర్లిన్‌ని ఎదుర్కోవాల్సి వచ్చింది. ఇంకో పక్కన అప్పట్లో జట్టుకి ఇంతమంది నల్లవాళ్లే అని రాయని కోటా ఒకటి నడిచేది. అయిదుగురు నల్లవాళ్లతో మ్యాచ్ మొదలుపెట్టిన మొదటి జట్టు ఆ సెల్టిక్సే, అది కూడా 1964 డిసెంబరులో. ఇక ఇప్పుడో, 2019 నుంచి 2025 దాకా ఏడేళ్లలో ఏడు వేర్వేరు చాంపియన్లు. జీతాల మీద 2023లో పెట్టిన కొత్త కట్టుబాట్లు ఖరీదైన జట్టుని నిలబెట్టుకోనివ్వవు. 2024లో గెలిచిన సెల్టిక్స్ ఏడాది తిరిగేసరికి హాలిడేని, పోర్జింగిస్‌ని వదులుకుంది. రస్సెల్‌కి జట్టు చెదిరిపోతుందన్న ఈ భయం లేదు. ఆటగాడు కావాలన్నా ఇంకో జట్టుకి పోయే హక్కు లేని రోజులవి.

విల్ట్ దగ్గరికి వద్దాం, ఎక్కువ కొట్లాట ఆయన మీదే. 1961-62లో మ్యాచ్‌కి 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతి అందుకోవడం). మ్యాచ్ 48 నిమిషాలైతే ఆయన సగటు ఆట 48.5 నిమిషాలు, ఓవర్‌టైములతో కలిపి. సీజన్ మొత్తంలో బెంచీ మీద కూర్చుంది ఎనిమిదే నిమిషాలు, అదీ ఒక మ్యాచ్‌లో రెఫరీ బయటికి పంపేస్తే. 1962 మార్చి 2న, చాక్లెట్ ఫ్యాక్టరీకి పేరుపడ్డ హెర్షీ ఊళ్లో, న్యూయార్క్ మీద 100 పాయింట్లు. టీవీ లేదు, హాల్లో ఉన్నది నాలుగు వేల చిల్లర జనం. చివర్లో న్యూయార్క్ వాళ్లు విల్ట్‌కి బంతి పోకుండా మిగతావాళ్లని ఫౌల్ చేయడం, ఆయన జట్టువాళ్లు బంతి తిరిగి తెచ్చుకోవడానికి ఎదురు ఫౌళ్లు చేయడం, అదో జాతర. ఫ్రీ త్రోలంటే భయపడే మనిషి, ఆ ఏడాది రెండు చేతులతో కింది నుంచి వేసేవాడు, ఆ రాత్రి 32కి 28 వేశాడు.

ఇప్పుడు చిన్న లెక్క, నా సొంతది. అప్పట్లో ఒక్కో జట్టు మ్యాచ్‌కి దాదాపు 108 షాట్లు వేసేది. ఇప్పుడు 89. విల్ట్ వేసిన 39.5 షాట్లని ఆ నిష్పత్తిలో కుదిస్తే 33 అవుతాయి. ఫ్రీ త్రోలనీ అలాగే కుదించి, ఆయన శాతాలు ఆయనకే ఉంచితే, మ్యాచ్‌కి 42 పాయింట్ల దగ్గర తేలుతుంది. 48 నిమిషాల బదులు ఇప్పటి స్టార్లలా 36 నిమిషాలు ఆడించండి, 31 అవుతుంది. షాయ్ 2024-25లో కొట్టింది 32.7. రీబౌండ్లదీ అదే కథ, అప్పుడు జట్టుకి మ్యాచ్‌కి 71, ఇప్పుడు 44. ఇలా చూస్తే విల్ట్ దేవుడూ కాదు, బుడగా కాదు, ఏ కాలంలోనైనా లీగ్‌లో మొదటి అయిదుగురిలో ఉండే సెంటర్, అంటే రింగు దగ్గర ఆడే పొడుగు మనిషి. కాకపోతే ఈ లెక్కలో ఆయనకి కొంత అన్యాయం జరిగింది. లీగ్ మొత్తం 42.6 శాతం వేసే రోజుల్లో ఆయన 50.6 వేశాడు. ఇప్పుడు ఇంకా ఎక్కువే వేస్తాడు.

ఇక "ప్లంబర్లూ ఫైర్‌మెన్లూ ఆడేవారు" అనే మాట. 2022లో మాజీ ఆటగాడు జేజే రెడిక్ టీవీ చర్చలో పాతకాలం సెల్టిక్స్ స్టార్ బాబ్ కూసీ గురించి అన్నాక అది అందరి నోళ్లలో పడింది. వేసవిలో వేరే ఉద్యోగాలు చేసుకునేంత తక్కువ జీతాలన్నది నిజం. కానీ ఒక్క ఉదాహరణ. ఎల్జిన్ బేలర్ 1961-62లో ఆర్మీ రిజర్వ్ డ్యూటీ మీద ఉన్నాడు. సెలవు దొరికిన రోజుల్లో వచ్చి 48 మ్యాచులు ఆడి, మ్యాచ్‌కి 38.3 పాయింట్లు కొట్టాడు. మన స్టార్లకి చార్టర్ విమానం అరగంట లేటయితే వార్త. 1960లో లేకర్స్ జట్టు ఎక్కిన విమానం మంచు తుఫానులో దారి తప్పి అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న చేలో దిగింది! వాళ్లని వెక్కిరించే ముందు ఆ చేలో ఒకసారి దిగి చూడాలి.

అటువైపు మా బ్యాచ్ వాళ్లకీ ఒక మాట. తాతలు నేతులు తాగారని ఎంతకాలం మూతులు వాసన చూపిస్తాం? 2019 నుంచి 2025 దాకా ఎంవీపీ (ఆ సీజన్ మేటి ఆటగాడు) అయినవాళ్లలో ఒక్కడూ అమెరికాలో పుట్టలేదు: గ్రీస్, సెర్బియా, కామెరూన్, కెనడా. జోర్డన్ కాలంలో లీగ్‌కి ఆటగాళ్లు ప్రధానంగా ఒకే దేశం నుంచి వచ్చేవారు, ఇప్పుడు ప్రపంచమంతా జల్లెడ పట్టి తెస్తున్నారు. కొత్త ఆటగాళ్ల ఎంపికలో (డ్రాఫ్ట్) 41వ నంబరులో ఎంపికైన యోకిచ్ మూడుసార్లు ఎంవీపీ అయ్యాడు. నా మటుకు నాకు ఇప్పటివాళ్లలో ఏ కాలానికైనా సరిపోయేవాడు యోకిచ్చే. ఆయన గొప్పతనం కాళ్లలో లేదు, రూల్స్‌లో లేదు, చూపులో ఉంది. వారియర్స్ షూటర్ స్టెఫెన్ కర్రీ దీనికి సరిగ్గా వ్యతిరేకం. గీతే లేకపోతే ఆయన ఆట లేదు. త్రీ పాయింటర్ వచ్చిన 1979-80లో ఒక్కో జట్టు మ్యాచ్‌కి వేసింది మూడు త్రీలు కూడా కాదు. 2015-16లో కర్రీ ఒక్కడే మ్యాచ్‌కి అయిదు చొప్పున రింగులో వేశాడు. అప్పటి కోచ్ ఎవరైనా రెండో రోజే బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. కానీ ఉన్న గీతని అందరికంటే లోతుగా అర్థం చేసుకున్నది ఆయనే, ఆ తర్వాత లీగంతా ఆయన వెంట నడిచింది. 72 గెలిచిన బుల్స్‌లో ఆడి, 73 గెలిచిన వారియర్స్‌కి కోచ్‌గా ఉన్న స్టీవ్ కెర్ ఒక్కడికే రెండు వైపులా తెలుసు.

లెబ్రాన్ జేమ్స్, కరీం అబ్దుల్-జబ్బార్ గురించి కూడా అడిగారు, క్లుప్తంగా. కరీం పేరిట ఉన్న 38,387 పాయింట్ల కెరీర్ రికార్డుని లెబ్రాన్ 2023 ఫిబ్రవరిలో దాటింది తన 1,410వ మ్యాచ్‌లో. కరీం ఆడింది 1,560. అయితే అందులో కరీం జీవితకాలంలో వేసిన త్రీ ఒక్కటి, లెబ్రాన్ అప్పటికి వేసినవి 2,200 పైగా. పైగా లెబ్రాన్ 18 ఏళ్లకే వచ్చాడు, కరీం కాలేజీలో నాలుగేళ్లు గడిపి వచ్చాడు. మొత్తం పాయింట్లతో ఈ ఇద్దరినీ తూచలేం.

ఇదంతా నా మాట మీద నమ్మక్కర్లేదు. 1996 ఫైనల్స్ పాత వీడియో ఒకటి తీసి, పావుగంట బంతిని చూడకుండా చూడండి. బంతికి దూరంగా ఉన్న ముగ్గురు డిఫెండర్ల కాళ్లు మాత్రమే గమనించండి, మధ్యలోకి ఒకడుగు వేసి, రెఫరీ వైపు చూసి మళ్లీ వెనక్కి పోతుంటారు. తర్వాత థండర్ మ్యాచ్ ఏదైనా పెట్టి అవే కాళ్లు చూడండి. జోర్డన్, షాయ్ ఎత్తు ఒకటే, ఇద్దరూ 1.98. వాళ్లిద్దరికీ దొరికిన ఖాళీ ఎంతో అప్పుడు మీకే కనిపిస్తుంది.